బాపు సరే అన్న గంట

దుకాణంలో అమ్మేవాడి నోరు కాదు, సరుకు చప్పుడు వినాలి. మా బాపు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. బడిలో పలక పట్టకముందే నాకు పగిలిన కుండకూ మంచి కుండకూ తేడా తెలుసు. బాపు ఏ దుకాణానికి పోయినా ముందు కుడి చెయ్యి కొంచెం పైకెత్తేవాడు. ఆ చెయ్యి చూసి ఎంతటి వాగుడుకాయ సేల్స్‌మన్ అయినా ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణంలో బాపు వేలి కణుపుతో సరుకును తట్టేవాడు. కుండ, కొబ్బరికాయ, పుచ్చకాయ, బీరువా తలుపు, మంచం కోడు, ఏదైనా సరే. నచ్చితే "మంచిగుంది" అనేవాడు. నచ్చకపోతే ఏమీ అనకుండా లేచి బయటికి నడిచేవాడు. వెనక నుంచి రేటు తగ్గిస్తాం రండి సార్ అని ఎన్ని పిలుపులు వచ్చినా తిరిగి చూసేవాడు కాదు.

అది ఆయనకు బాయి నేర్పిన విద్య. బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాపు కొత్తగూడెం వైపు ఒక భూగర్భ గనిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యేటప్పుడు పొడవాటి కర్ర పట్టుకుని అందరికంటే ముందు లోపలికి పోవడం ఆయన పని. నెత్తి మీది రాతి కప్పును కర్రతో తట్టి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి దబ్బుమంటుంది. దబ్బుమన్న చోట ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు. ఆయన "సరే" అన్నాకే మిగతావాళ్ళు ఆ కప్పు కింద అడుగు పెట్టాలి.

అమ్మ సంగతి వేరు. నోట్లో నాలుక లేని మనిషి. బట్టల దుకాణంలో సేల్స్‌మన్ చీర మీద చీర విప్పి ముందు పరుస్తుంటే ఆమె మొహం చిన్నబోయేది. "పాపం గన్ని ఇప్పిండు బిడ్డా, ఒక్కటన్న తీసుకోకపోతే ఏం మంచిగుంటది" అని నా చెవిలో గొణిగేది. ఆ పాపం అనే మాట మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తుందని నాకు పదేళ్ళకే అర్థమైంది. అప్పటి నుంచి అమ్మ పక్కన కాపలాకు కూర్చునేదాన్ని. చీర విప్పకముందే వద్దు అనేదాన్ని. మా బజారులో ఒక దుకాణం ఆయన నన్ను చూస్తే చాలు, "మిరపకాయ వచ్చింది" అనేవాడు. అది పొగడ్తే అనుకునేదాన్ని.

రెండువేలు దాటిన మూడు నాలుగేళ్ళకు, నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, బాపు ఒక కొత్త అలవాటు మొదలుపెట్టాడు. సరుకును తట్టాక వెంటనే ఏమీ చెప్పేవాడు కాదు. నా వైపు తిరిగి, "ఏంది బిడ్డా, సరేనా?" అనేవాడు. నేను తల ఊపితే, అప్పుడు "మంచిగుంది" అనేవాడు. పెద్దదాన్ని అయ్యానని, నా మాటకు విలువ ఇస్తున్నాడని నేను ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉబ్బు మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఏడాది ఇంకా కొన్ని జరిగాయి. టీవీ సౌండు పక్క క్వార్టర్ దాకా వినిపించేది. చర్చిలో పాట పాడేటప్పుడు బాపు అందరికంటే అర చరణం వెనక ఉండేవాడు. కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. పిలిస్తే పలకనప్పుడు అమ్మ ఇదివరకు "చెవిటోని ముందు శంఖం ఊదినట్టే" అని నవ్వేది. ఆ ఏడాది ఎప్పుడో ఆమె ఆ సామెత వాడడం మానేసింది. ఎందుకు మానేసిందో నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని లోపల ఎక్కడో భయం ఉండి ఉంటుంది.

మా కాలనీ చర్చికి గంట లేదు. పాత రైలు పట్టా ముక్కను ఇనుప స్తంభానికి వేలాడదీసి, ఆదివారం దాన్ని రాడ్డుతో కొట్టేవాళ్ళం. పక్క బడిలోనూ అదే రకం పట్టా ముక్క. పిల్లలు అది బడి గంటో చర్చి గంటో తెలియక తికమకపడేవాళ్ళు. చివరికి సంఘంలో చందా పోగుచేసి నిజమైన కంచు గంట కొనాలని తీర్మానించారు. ఎవరు పోవాలన్న ప్రశ్నే రాలేదు. "సర్దార్ చెవి ఉండంగ ఇంకొకరెందుకు" అన్నారు పాస్టరు గారు. బాపు ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. తర్వాత, "నా బిడ్డను తోలుకపోత" అన్నాడు.

గురువారం సెలవు పెట్టి బాపు నన్ను ఖమ్మం తీసుకుపోయాడు. బస్సులో మా ముందు సీట్లో బాపు షిఫ్టులో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. మా సంఘం మనిషే, బాయిలో బొగ్గెత్తే పనికి కొత్తగా చేరాడు. పురిటికి పుట్టింటికి పోయిన భార్యను చూడడానికి జూలూరుపాడు పోతున్నాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. "మొదట్ల నాకు లోపటికి పోవాలంటే కాళ్ళు వణికేటియి చెల్లె. ఇప్పుడు భయం లేదు. మీ బాపు కర్రతోటి కొట్టి సరే అన్నడంటే, నేను గా కప్పు కింద నిద్ర గూడ పోత" అన్నాడు. బాపు కిటికీ అవతలి అడవిని చూస్తున్నాడు. ఆ మాట విన్నట్టు లేదు. బస్సు రొదలో వినపడలేదేమో అనుకున్నాను.

ఖమ్మంలో ఆ దుకాణం నిండా ఇత్తడి, కంచు సామాను. గోడ పొడుగునా కొక్కేలకు గంటలు వేలాడుతున్నాయి. ఎక్కువగా గుళ్ళకు అమ్మే సరుకు. సేల్స్‌మన్ మధిర వైపు మనిషిలా ఉన్నాడు, మాట మెత్తన. మేం గడప దాటకముందే బాపును బాబాయ్ గారూ అన్నాడు, నన్ను తల్లీ అన్నాడు. స్టూలు వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. నీళ్ళు తాగితే మొహమాటం మొదలవుతుందని నాకు తెలుసు. నేను తాగలేదు.

"ఏ ఊరి గుడికండీ? ఇది చూడండి, భద్రాచలం వైపు పోయే యాత్రికులందరూ ఇదే అడుగుతున్నారు" అని నామాలు పోసిన గంట ఒకటి చూపించాడు.

"మాది చర్చి. బొమ్మలు లేనిది చూపియ్యి" అన్నాడు బాపు.

అతను ఆగలేదు. నంది ఉన్నది చూపించాడు. పద్మం ఉన్నది చూపించాడు. పైన బొమ్మ ఉంటే ఏముంది, మోత ముఖ్యం కదా అన్నాడు. బాపు చెయ్యి ఎత్తాడు. అతను నోరు మూసుకున్నాడు. బాపు కణుపుతో ఒక్కొక్క గంటనూ తట్టాడు. ప్రతిదీ ఖంగుమని మోగి చాలాసేపు సన్నగా సాగింది. ప్రతిసారీ బాపు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "సప్పుడు మంచిగుంది. బొమ్మ వద్దు" అన్నాడు. నాకు గర్వంగా ఉంది.

అప్పుడు ఆ సేల్స్‌మన్ లోపలికి పోయి, మూరెడు ఎత్తు గంట ఒకటి తెచ్చి కొక్కేనికి తగిలించాడు. దాని మీద ఏ బొమ్మా లేదు. నున్నగా, కొత్త పాలిష్‌తో మెరుస్తోంది. "ఒక్కటే ఉందండి ఇలాంటిది. మీ కోసమే ఆగినట్టుంది" అన్నాడు. అదే ఊపులో నాకు పూజ సామాను ఏదో చూపించబోయాడు. నేను అటు తిరిగి వద్దు అంటున్నాను. అప్పుడు నా వీపు వెనక బాపు ఆ గంటను తట్టాడు.

దబ్బుమంది. మోగకముందే చచ్చిపోయింది.

నేను వెనక్కి తిరిగాను. బాపు లేచి బయటికి నడుస్తాడని చూశాను. అలాంటి చప్పుడు వింటే ఆయన చేసేది అదే. బాపు లేవలేదు. ఎత్తిన చెయ్యి దించకుండా నా మొహంలోకి చూస్తున్నాడు. నేను ఆయన కోసం ఎదురు చూస్తున్నాను, ఆయన నా కోసం ఎదురు చూస్తున్నాడు. నా మొహంలో వద్దన్న గుర్తేమీ లేకపోవడం చూసి, నెమ్మదిగా చెయ్యి దించి, "మంచిగుంది" అన్నాడు.

ఏడాదిగా ఆయన నన్ను అడుగుతున్నది నా అభిప్రాయం కాదు. ఆయనకు వినపడని దాన్ని నా మొహంలో చూసి చెబుతున్నాడు. బజారులో ఆయనకు నా మొహం ఉంది. బాయిలో, ఆ చీకట్లో, కర్రతో కప్పును తట్టాక ఆయన ఎవరి మొహం చూస్తున్నాడు?

సేల్స్‌మన్‌కు కూడా ఆ సమయంలోనే అర్థమైంది. మంచిగుంది అన్న మాట విని ముందు అతనే తెల్లబోయాడు. ఆ తర్వాత బాపు వెనక్కి పోయి నిలబడి, నాతో మాట్లాడేటంత మామూలు గొంతుతో, "బాబాయ్ గారూ, కూల్‌డ్రింక్ తెప్పించమంటారా?" అన్నాడు. బాపు గంట అంచును నిమురుతున్నాడు. తిరగలేదు. సేల్స్‌మన్ నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

"నాన్నగారికి నచ్చింది కదా తల్లీ. ఆయన చెవి ముందు మన చెవి ఎంత?" అన్నాడు. అని ఆగాడు. నేను ఏమంటానో చూద్దామని ఆగాడు.

బాపు నా వైపు తిరిగాడు. "ఏంది బిడ్డా, సరేనా?"

ఎన్ని దుకాణాల్లో ఎంతమందికి వద్దు అని చెప్పానో. ఆ రోజూ ఆ ఒక్క మాటే అనబోయాను. వద్దు అంటే ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. బాపు వెంటనే, "అవ్, నాకూ గట్లనే అనిపించింది" అంటాడు. ఇంకో దుకాణానికి పోతాం, నా మొహం చూసి ఇంకో గంట కొంటాడు. ఆదివారం అందరూ మెచ్చుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. మర్నాడు కర్ర పట్టుకుని దిగుతాడు. ఏదో ఒక రోజు దబ్బుమన్న కప్పు కింద నిలబడి సరే అంటాడు. జూలూరుపాడులో బస్సు దిగి చెయ్యి ఊపిన మనిషి ఆ కప్పు కిందకు పోతాడు.

నీకు వినపడడం లేదు బాపూ అని నేనే చెప్పవచ్చు. ఆ అమ్మేవాడి ముందు చెప్పలేను, సరే. బయట చెప్పవచ్చు, బస్సులో చెప్పవచ్చు. కానీ అప్పుడు కూడా చెప్పలేనని నాకు తెలుసు. సర్దార్‌ను నువ్వు సర్దార్‌వి కావు అని అనే ధైర్యం నాకు లేదు. నేను చెప్పలేనిది ఆ గంట చెబుతుంది అనుకున్నాను.

"సరే బాపూ" అన్నాను.

సేల్స్‌మన్ ఆ గంటను గోనెసంచిలో చుట్టి, సుతిలి తాడుతో కట్టి, దానికి పిడి కూడా వేసి ఇచ్చాడు. "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదండి, బోర్డు అక్కడుంది" అన్నాడు, నన్ను చూస్తూ. జీవితంలో మొదటిసారి ఒక సేల్స్‌మన్ దగ్గర ఓడిపోయాను, అదీ కావాలని. బాపు ఆ సంచిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, సంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక దాన్ని మోగించి చూద్దామని అమ్మ సంచి విప్పబోయింది. ఆదివారం ప్రార్థన చేశాకే మోగాలి అన్నాడు బాపు. సంచి మంచం కిందకు చేరింది.

నేను అప్పుడు లెక్కలోకి తీసుకోనిది ఒకటి ఉంది. గురువారానికీ ఆదివారానికీ మధ్య శుక్రవారం ఉంది, శనివారం ఉంది. రెండు రోజులూ బాపుకు మొదటి షిఫ్టు.

శుక్రవారం పొద్దున ఆయన కర్ర తీసుకుని గేటు దాటుతుంటే వెనకే పోయాను. ఏంది అన్నట్టు చూశాడు. టిఫిన్ డబ్బా మరిచిపోయావేమోనని అన్నాను. డబ్బా ఆయన చేతిలోనే ఉంది. కాలేజీకి పోయాను గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు. వేళ కాని వేళలో సైరన్ మోగిందంటే బాయిలో ఏదో జరిగినట్టని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. ఎక్కడ లారీ హారన్ కొట్టినా సైరనేమోనని లేచి నిలబడ్డాను. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ వేళకే మోగింది. బాపు ఒళ్ళంతా నల్లగా వచ్చి, పొయ్యి మీది వేణ్ణీళ్ళు అడిగాడు. చెప్పేద్దామనుకున్నాను. ఇంకొక్క రోజే కదా అనుకున్నాను. శనివారం అమ్మ నన్ను చూసి జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ రెండు రోజుల్లో ఏమైనా జరిగి ఉంటే ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడేది కాదు.

ఆదివారం పట్టా ముక్కను దించి ఆ స్తంభానికే గంటను కట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, మొదటి గంట సర్దారే కొట్టాలి అన్నారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తాడు పట్టుకుని లాగాడు.

దబ్బుమంది. గుంపులో ఎవరో దగ్గినట్టు నవ్వి ఆపుకున్నారు. బాపు మళ్ళీ లాగాడు, మళ్ళీ లాగాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బాపు నవ్వుతున్నాడు. ఆయన ఒక్కడే నవ్వుతున్నాడు. జూలూరుపాడు నుంచి తిరిగి వచ్చినాయన ముందు వరుసలో ఉన్నాడు. అతను గంటను చూశాడు, బాపు మొహం చూశాడు, నిదానంగా తన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అతని పక్కన నిలబడ్డ బాయి పనివాళ్ళు ఒక్కొక్కరే తల దించుకున్నారు.

బాపు తాడు వదిలేశాడు. మొహాలు చదవడం ఆయనకు బాగా అలవాటైపోయింది. గంట దగ్గరికి పోయి దాని అంచు చుట్టూ బొటనవేలి గోరుతో గీసుకుంటూ పోయాడు. ఒకచోట గోరు ఆగింది. పగులులో ఏదో నింపి పైన పాలిష్ పెట్టారు. ఆయన తల ఎత్తి ఆడవాళ్ళ వైపు చూసి నన్ను వెతికాడు. నేను అమ్మ వెనక్కి జరిగాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట ఎవరి పెదవీ దాటకుండానే సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. బాపు ఎవరైనా తనను అడిగేదాకా ఆగలేదు. సోమవారం ఎప్పటిలాగే కర్ర పట్టుకుని పోయాడు. మొదటి షిఫ్టు ఇంకా సగం కూడా కాకముందే తిరిగి వచ్చాడు. బట్టలు తెల్లగానే ఉన్నాయి. మేనేజరుకు తనే చెప్పాడట, తన చెవికి పరీక్ష చేయించమని, అందాకా తనను లోపలికి దించవద్దని. కర్రను తలుపు వెనక నిలబెట్టి, వాకిట్లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"దుకాణంల గా సప్పుడు నీకు ఇనపడ్డదా?" అన్నాడు.

"ఇనపడ్డది" అన్నాను.

"గట్టిగ చెప్పు."

"ఇనపడ్డది బాపూ" అని అరిచాను. క్వార్టర్ల వరుసలో ఒకరిద్దరు తలుపుల్లోకి వచ్చారు. లోపల అమ్మ గిన్నెలు తోమడం ఆపేసింది.

"మరి సరే అన్నవ్."

నేను తల ఊపాను.

"నీ మొఖం చూసే నేను సరే అన్న బిడ్డా. ఏడాది సంది నీ మొఖమే చూస్తున్న. దాన్ని నమ్మిన."

ఎందుకు అలా చేశానో చెప్పాలనుకున్నాను. కానీ దాన్నంతా వాకిట్లో నిలబడి అరిచి చెప్పాలి, వరుస మొత్తానికి వినపడేలా. చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

తర్వాత బాపుకు పైన ల్యాంప్ రూములో పని ఇచ్చారు. లోపలికి దిగేవాళ్ళకు దీపాలు అందించే పని. ఆ గంట ఇంకెక్కడా మోగలేదు, దుకాణం వాళ్ళు తిరిగి తీసుకోలేదు, స్తంభానికి మళ్ళీ పట్టా ముక్కే ఎక్కింది. జూలూరుపాడులో పుట్టిన ఆడపిల్లకు ఇప్పుడు పెళ్ళీడు. దాని తండ్రి పండుగకు కేకు తెచ్చి ఇచ్చి, బాపు చెవి దగ్గర వంగి గట్టిగా మాట్లాడి పోతాడు. అతను వచ్చిన ప్రతిసారీ నేను చేసింది మంచి పనే అనిపిస్తుంది. మళ్ళీ ఆ దుకాణంలో నిలబడితే మళ్ళీ సరే అనే అంటాను.

కానీ ఆ తర్వాత ఏ దుకాణానికి పోయినా బాపు నా వైపు తిరగలేదు. చెయ్యి ఎత్తడం, తట్టడం మానేశాడు. సేల్స్‌మన్ ఏది చేతిలో పెడితే దాన్ని తీసుకుని వచ్చేవాడు. ఆ ఎండాకాలం ఒక్కడే బజారుకు పోయి కొత్త కుండ తెచ్చాడు. గడప మీద దింపినప్పుడే అది పగిలిన కుండని నాకు వినపడింది. నేను ఏమీ అనలేదు. ఆయన నన్ను చూడకుండా అందులో నీళ్ళు పోశాడు. నేల మీదికి నీళ్ళు పారుతుంటే పాత గుడ్డ తెచ్చుకుని తనే తుడుచుకున్నాడు.